‘మాయ’ కథలో న్యాయస్థానం: 47వ అధికరణం నేపథ్యంలో ఒక పునఃపఠనం

రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) ‘ఆరు సారా కథలు’ మీద వచ్చిన విమర్శలో తరచుగా కనిపించే అభిప్రాయం ఒకటుంది. పోలీసుల, ప్లీడర్ల, కోర్టుల అవినీతిని ఎండగట్టిన కథలివి అని. ఈ మాట తప్పు కాదు, కాని చాలదు. అవినీతే అసలు సమస్య అయితే, నిజాయితీపరుడైన మేజిస్ట్రేటు ఒకరు వచ్చిననాడు ‘మాయ’ కథలోని ముత్యాలమ్మకు న్యాయం జరగాలి. జరగదని ఈ వ్యాసం ప్రతిపాదన. ఆ మేజిస్ట్రేటు చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించినా, బతుకుతెరువు గురించిన ఆమె ప్రశ్నకు ఆ గదిలో చోటు లేదు. ఎందుకు లేదో తెలియడానికి కథ పక్కన రాజ్యాంగాన్ని కూడా పెట్టుకొని చదవాలి.

రాజ్యాంగం నాలుగవ భాగంలోని ఆదేశిక సూత్రాలను ఏ న్యాయస్థానం ద్వారానూ అమలు చేయించుకోలేమని 37వ అధికరణం చెబుతుంది. స్త్రీపురుషులందరికీ చాలినంత జీవనాధారం (39), పని హక్కు (41) ఆ భాగంలోనివే. బ్యాంకు తన వీలునుబట్టి చెల్లించే చెక్కు వంటివి ఇవి అని కె.టి. షా రాజ్యాంగ సభలోనే ఎత్తిపొడిచారు. మద్యనిషేధాన్ని చెప్పే 47వ అధికరణం కూడా ఇక్కడే ఉంది. దాని నిర్మాణాన్ని గమనించాలి. ప్రజల పోషకాహార స్థాయిని, జీవన ప్రమాణాన్ని పెంచడం రాజ్యపు ప్రాథమిక కర్తవ్యాల్లో ఒకటని మొదట చెప్పి, ఆ తర్వాతే మత్తుపానీయాల నిషేధానికి వస్తుంది. విశాఖ వీధుల్లో ఈ రెండవ సగానికి లాఠీ దొరికింది, కోర్టు దొరికింది, జైలు దొరికింది. మొదటి సగం ఆశయంగానే మిగిలింది. ఆర్థిక హక్కుల జాబితా నుండి పేదవారి దగ్గరకు నేరంగా మాత్రమే చేరినది ఇదొక్కటే.

అసలు ఆ చట్టం రాజ్యాంగం కంటే పాతది. 1937 నాటి మద్రాసు మద్యనిషేధ చట్టం 1953లో ఆంధ్ర రాష్ట్రానికి వారసత్వంగా వచ్చింది. మరుసటి సంవత్సరం నవంబరులో ప్రకాశం ప్రభుత్వం పడిపోయినదీ ఈ నిషేధం సమస్య మీదనే. 1956 తర్వాత పరిస్థితి మరింత విచిత్రం. ఒకే రాష్ట్రంలో సారా అమ్మకం ఆంధ్ర ప్రాంతంలో నేరం, తెలంగాణలో ఆబ్కారీ ఆదాయం. మద్యం రాష్ట్ర జాబితాలోని అంశం కనుక ఇందులో రాజ్యాంగ విరుద్ధమేమీ లేదు. కాని అదే చేత్తో అమ్మిన అదే సరుకు, అమ్మిన చోటును బట్టి పాపమో ఖజానాయో అవుతుందంటే, నేరం సరుకులో లేదని తేలిపోతుంది. 1962లో పుస్తకంగా వచ్చిన ఈ కథల వెనుక ఉన్న భూగోళం ఇది.

ముత్యాలమ్మ ప్రసంగాన్ని ఈ దృష్టితో చదివితే దాని స్వభావం మారుతుంది. ఉత్తరాంధ్ర మాండలికంలో, ఇంకా లోకం తెలియని యువ ప్లీడరుతో ఆమె చెప్పుకుపోయేదంతా వ్యాపారం లెక్క. దానిని ఆవేదనగా, లోకనింద మాత్రంగా చదవడం మనకు అలవాటు. నా ఉద్దేశంలో అది వాంగ్మూలం. అయితే న్యాయస్థానపు రికార్డుకు ఎక్కలేని వాంగ్మూలం. అక్కడ ఆమెను అడిగేది ఒక్కటే: సారా నీ దగ్గర ఉన్నదా, లేదా? నాలుగవ భాగం తలుపులు మూసి ఉన్నందున, ఎందుకు ఉన్నదని అడిగే అధికారం ఆ కోర్టుకు లేదు. స్వయంగా న్యాయవాది అయిన శాస్త్రి ఆ మాటలను సాక్షిబోనులో కాక ప్లీడరు చెవిలో వేయడం యాదృచ్ఛికం కాదనుకుంటాను.

తర్వాతి కాలంలో న్యాయస్థానాలు మారలేదా? కొంత మారాయి. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు జీవనోపాధి హక్కును 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. అయినా పేవ్‌మెంటు వాసుల తొలగింపును వానాకాలం వెళ్లేదాకా వాయిదా వేయించిందే తప్ప ఆపలేదు. ముత్యాలమ్మకు ఆ మాత్రమూ దక్కేది కాదు. మద్యం వ్యాపారం చేసే ప్రాథమిక హక్కు పౌరులకు లేదని, రాజ్యం మాత్రం ఆ వ్యాపారాన్ని తన గుత్తాధికారంగా నడపవచ్చునని 1994లో ఖోడే డిస్టిలరీస్ తీర్పు స్పష్టం చేసింది. ఈ తీర్పు చదివినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది న్యాయశాస్త్ర గ్రంథం కాదు, ముత్యాలమ్మే.

ఇంతవరకు కథకు అనుకూలంగా చెప్పాను. దాని పరిమితిని దాటవేయడం న్యాయం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాను తరిమికొట్టిన స్త్రీలు 47వ అధికరణంలోని రెండవ సగాన్నే కోరారు. కాని వారు కోరినది మొదటి సగం కోసం: తాగుడుకు పోయే కూలి డబ్బు ఇంటి కూటికి చేరాలని. అప్పటికి ప్రభుత్వమే సారా పాటలు పాడించి ఆదాయం తీస్తున్నది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం, ఖజానా నిండుకోగానే 1997లో సడలింపు. అమ్మి బతికే స్త్రీ, తాగివచ్చిన భర్తతో వేగే స్త్రీ ఒకే పేటలో ఉంటారు. ‘మాయ’లో రెండవ స్త్రీ గొంతు లేదు. ఆమె అదే యువ ప్లీడరు ముందు కూర్చుంటే ముత్యాలమ్మ వాదం ఎంతవరకు నిలుస్తుందో ఈ కథల మీద పరిశోధన చేసేవారు ఇంకా పరిశీలించవలసి ఉంది.