వెనక బెంచీలో తోటి టీచరు

పోయిన వారం, చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే ఒక స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి పిలిస్తే వెళ్లాను. యురేనియం గని ఉన్న తుమ్మలపల్లెకు దగ్గర్లోని హైస్కూలు. స్టాఫ్ రూములో బల్లల నిండా ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) గైడ్లు. సర్వీసు ఐదేళ్లకు మించి మిగిలి ఉన్న టీచర్లంతా రెండేళ్లలో టెట్ పాసవ్వాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఏ బడికి వెళ్లినా ఇదే దృశ్యం. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్లు బిట్లు బట్టీ పడుతుంటే మనసుకు కష్టంగా ఉంది. పొద్దున్నంతా సర్క్యులర్లు చదివి, స్లైడ్లు చూపించారు.

మధ్యాహ్నం భౌతికశాస్త్రం టీచరు లేచి ప్రొజెక్టర్ ఆపేశారు. పదో తరగతి పిల్లల్ని ముందు కూర్చోబెట్టి, మమ్మల్నందరినీ వెనక బెంచీలకు పంపి, ఆమ్లాలు–క్షారాల పాఠం మొదలుపెట్టారు.

బల్ల మీద రెండు రాళ్లు. ఒకటి నాపరాయి ముక్క. రెండోది వేంపల్లె దారిలో ఏరుకొచ్చిన బూడిదరంగు డోలమైట్. రెండింటి మీదా సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేశారు. నాపరాయి మీద సుయ్యిమని నురగ లేచింది. రెండోదానిలో చలనం లేదు. "ఇది సున్నపురాయి జాతి కాదు సార్" అన్నారు పిల్లలు. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఒక అమ్మాయిని పిలిచి, ఆ రాతి పెచ్చును సుత్తితో పొడి చేయించి, దాని మీద అదే ఆమ్లం వేయమన్నారు. ఈసారి బుడగలు వచ్చాయి. "అదే రాయి, అదే ఆమ్లం. ఎందుకిట్ల?" అని అడిగి ఊరుకున్నారు. గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఆ అమ్మాయే, పొడి చేస్తే ఆమ్లానికి ఎక్కువ చోట తగులుతుంది కదా అంది. ఈ రాతిలో మెగ్నీషియం కూడా ఉంది కాబట్టి చర్య నిదానంగా జరుగుతుందని ఆయన చేర్చారు.

అక్కణ్నుంచి పాఠం గనిలోకి దిగింది. తుమ్మలపల్లె యురేనియం ఉన్నది ఈ జాతి రాతిలోనే. జార్ఖండ్‌లోని జాదూగూడలో ఖనిజం నుంచి యురేనియాన్ని గంధకామ్లంతో తీస్తారు. ఇక్కడ అదే పద్ధతి పెడితే ఆమ్లమంతా రాతికే ఖర్చైపోతుంది. అందుకే 2012లో మొదలైన మన మిల్లులో సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంతో, వేడి, ఒత్తిడి పెట్టి తీస్తున్నారు. గని పేరు పుట్టినప్పటి నుంచీ వింటున్న పిల్లలకు, ఆ మిల్లులో ఆమ్లం ఎందుకు వాడరో చెప్పేది తమ పుస్తకంలోని సమీకరణమేనని ఆ రోజే తెలిసింది.

వెంటనే ఒక అబ్బాయి లేచాడు. "మరి మా బోరు నీళ్లు తాగొచ్చునా సార్?"

మిల్లు వ్యర్థాలు నింపే టెయిలింగ్ పాండ్ వల్ల బోర్లు చెడిపోయాయని కె.కె.కొట్టాల రైతులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. తమ వల్ల కాదని గని నడిపే యూసీఐఎల్ అంటోంది. టీచరు ఇటూ మొగ్గలేదు, అటూ మొగ్గలేదు. "చూసి చెప్పలేం నాయనా, కొలవాల. ఏమేం కొలవాల, కొలిచి చెప్పమని ఎవర్ని అడగాల అనేది వచ్చే క్లాసులో చూద్దాం" అన్నారు.

పిల్లలు వెళ్లాక అసలు శిక్షణ మొదలైంది. ఊరి గొడవ బడిలోకి తేకూడదని కొందరు, ఆ ప్రశ్న దాటేస్తే సైన్సు చెప్పి ఏం లాభమని కొందరు గట్టిగానే వాదించుకున్నారు. ఒక టీచరమ్మ మాట మాత్రం నన్ను బాగా పట్టుకుంది. "నురగ రాని రాయి దగ్గర మీరు ఆగినంతసేపు నేనైతే ఆగను సార్. జవాబు చెప్పేసి ముందుకు పోతాను. రేపట్నుంచి ఆగి చూస్తా."

 ఉపాధ్యాయ శిక్షణ అనగానే నేను ఏపీపీఈపీ దగ్గరికి పోతాను. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, తర్వాత రాష్ట్రమంతటా విస్తరించి, 1996తో ముగిసిన ప్రాథమిక విద్యా పథకం అది. దాని ఆరు సూత్రాలు అప్పటి టీచర్లకు ఇప్పటికీ నోటికొచ్చు. చేసి నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవి తరగతిలో ప్రదర్శించడం వాటిలో ఉన్నాయి. జమ్మలమడుగు వైపు చిన్న పల్లెలో టీచరుగా పనిచేసే రోజుల్లో, ఆ పథకం కింద టీచర్లమంతా కలిసే టీచర్ సెంటర్ ఉందంటే నాకు పండగ. చింతగింజలు, కందికట్టె పుల్లలు, పెన్నలో ఏరిన గులకరాళ్లు సంచిలో వేసుకుని పోయేవాళ్లం. ఒకసారి ఒక అయ్యవారు భిన్నాలు చెప్పడానికి జొన్నరొట్టె తెచ్చారు. రెండుగా తుంచితే ఒక ముక్క పెద్దదైంది. ఇది సగమా, కాదా? పెద్దముక్కను సగం అనే పిల్లకు ఏం చెప్పాలి? సమభాగాలు అనే మాట ముందు చెప్పాలా, పిల్ల నోట రానివ్వాలా? ఆ ఒక్క రొట్టె మీద పూటంతా గడిచింది. ఆ తర్వాత వచ్చిన ఏ మాడ్యూలూ నాకు అంత నేర్పలేదు.

అందుకే మళ్లీ ఆ రోజులు తెస్తే చాలు అని రాయబోయాను. కానీ టీచర్ సెంటర్ అయ్యాక సోమవారం బడిలో ఏం జరిగేదో కూడా చెప్పాలి. పిల్లలు గుండ్రంగా కూర్చునేవాళ్లు. అందరూ మెడలు తిప్పి నల్లబల్ల మీదున్న ఒకే పాఠం ఎక్కించుకునేవాళ్లు. గోడకు గోడకు కట్టిన పురికొస మీద నిరుటి బొమ్మలు వెలిసిపోయేవి. ఎన్నో బళ్లలో చూశాను. రొట్టె పాఠం మా బళ్లకు చేరిందా అని చూడటానికి తోటి టీచరెవరూ వచ్చేవారు కాదు. ఆ తర్వాత జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ) వచ్చింది, సర్వశిక్షా అభియాన్ వచ్చింది. 2020లో నిష్ఠ శిక్షణ 18 మాడ్యూళ్లు ఆన్‌లైన్ వేదిక దీక్షలోకి ఎక్కాయి. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యా విధానం ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంది. గంటలకు, సర్టిఫికెట్లకు లెక్క దొరుకుతోంది. తరగతి గదిలో ఏం మారిందో చెప్పేవాళ్లు లేరు. నాకు ప్రాణమైన ఆ రోజుల్లోనూ లేరు.

ప్రపంచ బ్యాంకు సాయంతో చేపట్టిన సాల్ట్ పథకంలో టీచ్ టూల్ వచ్చినప్పుడు, తరగతిలో పరిశీలకులు కూర్చుని స్కోర్లు వేయడాన్ని ఉపాధ్యాయ సంఘాలు వ్యతిరేకించాయి. స్కోరు దగ్గర నా అభ్యంతరం అలాగే ఉంది. మార్కులు వేసే మనిషి ఎదురుగా ఉంటే టీచరు నురగ రాని రాయిని బల్ల మీద పెట్టడు. కానీ తరగతిలో ఇంకొకరు కూర్చోవడం అన్నదాన్ని మాత్రం వదులుకోకూడదు. అది లేని ఏ శిక్షణా, ఎంత గొప్పదైనా, బడి గడప దాటదు.

కాంప్లెక్స్ హెడ్మాస్టర్లకు నా మనవి ఒకటే. సమావేశంలో సర్క్యులర్లు అరగంటలో ముగించి ఒక పాఠం చూపించండి. తర్వాతి పక్షంలో ఒక టీచరు మరో టీచరు తరగతిలో ఒక పీరియడ్ కూర్చునేలా టైంటేబుల్ సర్దండి. ఫారం వద్దు, ఫొటో వద్దు, మార్కు వద్దు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే చాలు. ఏకోపాధ్యాయ బళ్ల నుంచి వెళ్లేవాళ్ల కోసం ఆ పూటకు క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచరును (సీఆర్ఎంటీని) పంపండి. అధికారులు ఆ గంటల్ని కూడా ఏటా చూపించాల్సిన 50 గంటల్లో కలిపి లెక్కవేయాలి.