వీరబాహుడికి వన్స్‌మోర్ లేదు

హరిశ్చంద్ర నాటకం మీద మనవాళ్ళు చానా రాశారు. పద్యం మీద రాశారు, రాగం మీద రాశారు, ఏ నటుడు ఎంతసేపు గుక్క తిప్పుకోకుండా ఆలాపన తీశాడో రాశారు. సత్యం మీదయితే చెప్పనే అక్కర్లేదు. చూసినోళ్ళ మీద రాసింది మాత్రం తక్కువ. చూసినోళ్ళంటే ఒక్క గుంపు కాదు. ఊరు ఏడ్చిన కాడ పల్లె ఏడవలేదు. పల్లె ఏడ్చిన కాడ ఊరు హార్మోనియం శ్రుతి కలిసిందా లేదా అని చూసింది. నాటకం సినిమా అయినాక ఈ తేడా పోయిందా, దాక్కుందా అన్నదే నా ప్రశ్న. పల్లె అంటే ఇక్కడ మాలపల్లె. నేను పుట్టింది నెల్లూరు జిల్లా విడవలూరులో, ఆ పల్లెలోనే.

మా వైపు ఒక పక్క కాలవల కింద వరి, ఇంకో పక్క ఇసక, సరుగుడు తోటలు, రామతీర్థం కాడ సముద్రం. కోతలయిపోయి చేతిలో నాలుగు గింజలు ఆడే రోజుల్లో నాటకాలు ఆడించేవాళ్ళు. స్టేజీ ఊళ్ళో. చాపలు, మంచాలు తెచ్చుకుని ఊరోళ్ళు ముందర కూర్చుంటే, మావోళ్ళు వెనక కాలవ గట్టు మీద. అక్కడికి పద్యం వినిపించేది, మొహం కనిపించేది కాదు. పెట్రోమాక్సు లైటు వెలుగులో కిరీటం తళుక్కుమంటే అది రాజు, కిరీటం లేకపోతే కాటి సీను మొదలయినట్టు. అంతే మా లెక్క.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు సత్యహరిశ్చంద్రీయం రాసింది 1912లో. రాసినాయన పండితుడు. ఆడినోళ్ళు మాత్రం అన్ని కులాలోళ్ళు. మా పల్లెలో అక్షరం రాని మనిషి కూడా పది పద్యాలు నోటికి పాడేవాడు. పొలంలో మడక వెనకాల నడుస్తా పాడేవాడు. ఆ పద్యం ఎక్కడిదని అడిగితే పుస్తకం పేరు చెప్పడు, ‘కాటి సీనులోది’ అంటాడు.

కాటి సీను దగ్గర ఒక సంగతి చెప్పుకోవాలి. జనం వన్స్‌మోర్ అని అరిచి మళ్ళీ మళ్ళీ పాడించుకున్న పద్యాల్లో కొన్ని బలిజేపల్లివి కావు, గుర్రం జాషువావి. ఖండకావ్యంలో ఆయన శ్మశానవాటి మీద రాసిన పద్యాలను నటులు తీసుకుని హరిశ్చంద్రుడి నోట పెట్టారు. డి.వి. సుబ్బారావు లాంటోళ్ళు పాడినాక అవి లేని కాటి సీను జనానికి ఆననే లేదు. ఊరు చేత ‘ఆహా’ అనిపించిన ఆ మాటలు అంటరానోడు రాసినవి. స్టేజీ ముందర చాప మీద కూర్చుని వన్స్‌మోర్ అన్న పెద్దమనిషి, ఆ పద్యం రాసిన మనిషి ఎదురుగా వస్తే ఆ చాప మీద చోటిస్తాడా? జాషువా బతుకంతా ఈ ప్రశ్నతోనే తిరిగింది. ఇంకో చిత్రం ఏందంటే, సినిమాకి మాటలు రాకముందు, 1915-16 ప్రాంతంలో, రాజమండ్రిలో మూకీ బొమ్మల పక్కన నిలబడి కథా మాటలూ చదివి వినిపించే పని చేశాడాయన. తెర మీద బొమ్మకి నోరయినోడు, తరవాత స్టేజీ మీద రాజుకి నోరయినాడు. రెండు చోట్లా చప్పట్లు వేరేవాళ్ళకే.

ఆ పద్యాల్లో అంటరానితనం కాటిలో అడుగు పెట్టలేదన్న భావం ఉంది. కవి కోరిక అది. నేను పెరిగిన నాటికి మాకు కాడు కూడా వేరే. ఊరి కాడు ఒక దిక్కు, మా బొందలగడ్డ ఇంకో దిక్కు. ‘చచ్చినాక అందరూ సమానమే’ అని ముందు వరసలో తల ఊపినోళ్ళే మా శవం ఏ దారిన పోవాలో చెప్పేవాళ్ళు.

ఇప్పుడు సినిమా సంగతి. తెలుగులో హరిశ్చంద్ర 1935లోనే తెర కెక్కింది. అద్దంకి శ్రీరామమూర్తి రాజు, కన్నాంబ చంద్రమతి. 1956లో ఎస్.వి. రంగారావు, లక్ష్మీరాజ్యం. 1965లో కె.వి. రెడ్డి తీసిన సత్యహరిశ్చంద్రలో ఎన్.టి. రామారావు, ఎస్. వరలక్ష్మి. నేను చూసింది ఈ మూడోది, అది వచ్చిన చానా ఏళ్ళకి, టూరింగు టాకీసు డేరాలో, నేల టికెట్టు కొనుక్కుని.

డేరా మాకొక మేలు చేసింది. గేటు కాడ పైసలు అడిగారు గానీ కులం అడగలేదు. నేల క్లాసులో ఇసక పోగేసుకుని పక్క పక్కన కూర్చున్నాం. చీకటి పడినాక ఎవురి భుజం ఎవురికి తగిలిందో ఎవురూ చూడలేదు. అన్నిటికన్నా పెద్దది, మొహం కనిపించింది. కాలవ గట్టు మీద నుంచి ఏనాడూ చూడని చంద్రమతి మొహం తెర నిండా వచ్చింది. తెర మీద మొహం ఊరోడికీ మాలోడికీ ఒకటే సైజు.

పల్లె ఏడ్చింది అక్కడే. రాజు కాటికాపరి అయినందుకు కాదు, లోహితుడిని పాము కరిచినందుకు. మా ఆడోళ్ళు మోకాలి లోతు నీళ్ళలో నాటేస్తారు, కలుపు తీస్తారు, గట్ల మీద పసిబిడ్డల్ని పడుకోబెడతారు. పాము కరిచి బిడ్డని పోగొట్టుకున్న తల్లి మా వీధిలోనే ఉంది. చచ్చిన బిడ్డని చేతుల మీద మోసుకుని, పూడ్చేదానికి పైసల్లేక చంద్రమతి నిలబడితే, నేల క్లాసులో ఆడోళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు. వాళ్ళకది పురాణం కాదు. స్టేజీ నాటకంలో ఆ తల్లి ఏడుపు కూడా పద్యమయి, రాగమయి, వన్స్‌మోర్ అయి మా దాకా వచ్చేసరికి ఆరిపోయేది. సినిమాలో వన్స్‌మోర్ లేదు. రీలు ఆగదు. దుఃఖం ఆగకుండా పోయింది.

మా అబ్బ, అంటే మా నాయనకి నాయన, వెట్టి పని చేసినోడు. ఊళ్ళో ఎవురన్నా పోతే చుట్టాల ఊళ్ళకి చావు కబురు మోసేది, కాడులో కట్టెలు పేర్చేది, చితి కాలిందాకా కావిలుండేది ఆయనే. శవం మీద గుడ్డ, నాలుగు గింజలు, చేతిలో ఏసే చిల్లర ఆయన కూలి. కాటి సీను వచ్చినప్పుడు ఆయన కళ్ళు తడవలేదు. పనోడు ఇంకొక పనోడిని చూసినట్టు చూశాడు.

“గాలి ఎటు పక్క ఉందో చూసుకోకుండా అట్టా నిలబడితే పొగకి కళ్ళు పోతాయిరా” అన్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు దారిలో ఇంకో మాట అన్నాడు. “రాజు మన పని చేసినాడని ఊరంతా ఏడస్తా ఉండాదే. మన నాయనలు, తాతలు చేసినారు గదా. ఎవురన్నా ఏడిచినారా?”

హరిశ్చంద్ర మీద నేను చదివిన విమర్శ ఏదీ ఈ మాటని దాటి పోలేదు. ఈ కథలో కష్టమంటే ఏంది? రాజ్యం పోవడం, ఆలుబిడ్డల్ని అమ్ముకోవడం, అన్నిటికన్నా కింద మెట్టు కాటికాపరి కావడం. మనిషి పడగలిగే ఆఖరి గుంట అని వాళ్ళు చూపించేది మా ఇంటి గడప. చిన్నప్పుడు గాంధీ గారు హరిశ్చంద్ర నాటకం చూసి, అందరూ ఆయన మాదిరి సత్యవంతులు ఎందుకు కారాదని అనుకున్నట్టు ఆత్మకథలో రాసుకున్నారు. ఆయనకి సత్యం కనిపించింది. మా అబ్బకి పని కనిపించింది. కూర్చున్న చోటుని బట్టి కనిపించేది మారుతుంది.

ఇంతకీ రాజ్యం ఎందుకు పోయింది? విశ్వామిత్రుడు పంపిన మాతంగ కన్యలు ఆడి పాడి, మమ్మల్ని పెళ్ళాడమంటారు. కులం తక్కువ వాళ్ళని రాజు వెళ్ళగొడతాడు. ముని వచ్చి పెళ్ళాడమన్నా ఒప్పుకోడు, కావాలంటే రాజ్యం తీసుకోమంటాడు. అంటే మాతంగి పిల్లని చేసుకునేకన్నా రాజ్యం వదులుకునేది మేలు. దీనికి మనం పెట్టుకున్న పేరు సత్యం. డేరాలో ఆ ఆట పాటలకి ఈలలు పడ్డాయి. వెళ్ళగొట్టినప్పుడు చప్పట్లు పడ్డాయి. మా జేజి మాత్రం పక్కనున్న ఆమెని మెల్లిగా అడిగింది: “ఆ బిడ్డలు ఏం తప్పు చేసినారంట?”

ఇక వీరబాహుడు. డబ్బిచ్చి రాజుని కొన్న చండాలుడు. మన సాహిత్యంలో అంటరానోడు యజమానిగా, రాజు నౌకరుగా కనిపించే చోట్లు ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టండి. కల్లు తాగి తూలే నవ్వులాట వేషంగా వీరబాహుడిని కట్టించినా, ఆ కాస్తసేపు మా గట్టు మీద కుర్రోళ్ళు కేకలు పెట్టేవాళ్ళు. ఆ కేక ఊరికి నచ్చేది కాదు. సరే, ఆఖర్న ఏమవుతుంది? దేవతలు దిగొస్తారు. వీరబాహుడు అసలు చండాలుడే కాదు, దేవుడి మాయ అని తేలుతుంది. మార్కండేయ పురాణంలోనే ఈ కిటుకు ఉంది, చండాలుడి రూపంలో వచ్చింది ధర్ముడంట. రాజు మాలోడి కింద పని చేయలేదు, దేవుడి కింద పని చేశాడు. మైల అంటలేదు. కథంతా మాకిచ్చిన ఒక్క మనిషిని ఆఖరి సీనులో వెనక్కి తీసేసుకున్నారు. సినిమా వచ్చి మొహాలని దగ్గరికి తెచ్చింది గానీ ఈ పని మీద చేయి పెట్టలేదు.

ఇదే 1965లో కె.వి. రెడ్డి నిర్మాణంలోనే, హుణసూరు కృష్ణమూర్తి దర్శకత్వంలో కన్నడంలో కూడా సత్యహరిశ్చంద్ర వచ్చింది. రాజ్‌కుమార్ రాజు, ఎం.పి. శంకర్ వీరబాహుడు. అందులో వీరబాహుడికి ఒక పాట ఉంది. కులంలో ఎక్కువేది, తక్కువేది అని నిలదీసే పాట. సంగీతం పెండ్యాల, గొంతు మన ఘంటసాల. తెలుగు సినిమా అనుకున్నంత ఆడలేదు. కన్నడ సినిమాని జనం నెత్తిన పెట్టుకున్నారు, 2008లో రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. బెంగుళూరికి బేల్దారి పనికి పోయిన మావోళ్ళు ఆ పాట అక్కడ మైకుల్లో విని, భాష సగమే తెలిసినా నేర్చుకునొచ్చారు. వీరబాహుడి నోటికి ఒక్క సొంత మాట ఇస్తే జనం వద్దనరు. అందుకు ఆ పాటే సాక్ష్యం.

1985 జులై 17న కారంచేడులో మాదిగలను నరికారు. ఆరుగురు చనిపోయారు. ఆనాటికి రాష్ట్రానికి ముఖ్యమంత్రి తెర మీది హరిశ్చంద్రుడే. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మాలలను చంపారు. ఆ తరవాత మా పల్లె కుర్రోళ్ళకి కాటి సీను అంతకుముందు మాదిరి వినపడలేదు. కొందరు కలిసి దేవతలు దిగొచ్చే ఘట్టం తీసేసి, వీరబాహుడిని మనిషిగానే ఉంచి నాటకం వేశారు. అడ్డం తిరిగింది ఊరు కాదు, మా ముసలోళ్ళే. “దేవుడు దిగిరాకపోతే పిలగోడు ఎట్టా బతుకుతాడురా?” అని ఒక అవ్వ నిలదీసింది. ఆమె న్యాయం ఆమెది. బిడ్డ బతకాల, వీరబాహుడు కూడా మనిషిగా మిగలాల. ఈ రెండూ కుదిరే ఆఖరి సీను ఇంకా ఎవురూ రాయలేదు, రాయాల్సింది మనమే.

నిషేధించమని నేను అడగను. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి వేషం తమని అవమానిస్తోందని ఆర్యవైశ్యులు అడిగితే ఆపింది. అడగ్గలిగినోళ్ళు అడిగారు. మాతంగ కన్యల కోసం వందేళ్ళలో ఏ సర్కారూ ఒక్క కాగితం కదిలించలేదు. అయినా నాకు హరిశ్చంద్ర కావాలి. అందులో జాషువా ఉన్నాడు, చంద్రమతి ఏడుపు ఉంది, మా అబ్బ చేసిన పని ఉంది.

కాబట్టి విద్యార్థులకీ ఉద్యమంలో ఉన్నోళ్ళకీ చెప్పేది ఇంతే. ఈ నాటకం ఎక్కడ వేసినా ఆ పద్యాలు ఎవురివో ముందు మైకులో చెప్పించండి. సినిమా చూసేటప్పుడు ఎవురు ఏ కాడ ఏడుస్తుండారో, ఎవురు ఏ కాడ చప్పట్లు కొడుతుండారో రాసుకోండి. రాజు కష్టానికి వన్స్‌మోర్ కొట్టిన చేతుల్ని, వీరబాహుడి వంశం చితి కాడ కట్టెలు పేరుస్తుంటే మీరెక్కడున్నారని అడగండి.