చెరువు అందరిది, నీరటి ఎవరివాడు?

సాంకేతిక వార్తలను గూర్చి వారమునకొక పర్యాయము నాలుగు మాటలు వ్రాయుట పనిగా పెట్టుకొన్నవానికి అభిప్రాయములు తామై వచ్చి వాకిట నిలుచును. వానిలో దేనిని లోనికి రానీయవలెను, దేనిని గడప బయటనే పంపివేయవలెను అని తేల్చుకొనుటలోనే వాని శ్రమయంతయు వ్యయమగును. ఉదయము ఫోను తెరచునప్పటికే, ఒక కంపెనీ తన సాఫ్ట్‌వేర్ లైసెన్సును మార్చినదనియో, ఒక ప్రభుత్వము ఏదో యాప్‌ను నిషేధించినదనియో, ఒక జర్మను రాష్ట్రము తన కార్యాలయములనుండి మైక్రోసాఫ్ట్‌ను సాగనంపి ఓపెన్ సోర్స్ సాధనమగు లిబ్రెఆఫీస్‌ను ఆహ్వానించుటకు నిశ్చయించినదనియో వార్త వచ్చి కూర్చుండును. మధ్యాహ్నమునకు లోకము రెండు పక్షములుగ చీలును. సాయంకాలమునకు ఏ పక్షమునందును చేరనివాడు పత్రికల ముఖము చూడనివాడుగ లెక్కకు వచ్చును. ఆ వేగమునకు లోబడి వ్రాసిన వ్యాసము మరునాడు మిరపకాయ బజ్జీల పొట్లమునకైనను పనికివచ్చెడిది. ఇప్పుడు అచ్చు కాగితము కూడ తగ్గిపోవుటచే ఆ సద్గతియు లేదు.

కావున నేనొక నియమము పెట్టుకొంటిని. ఏ సాఫ్ట్‌వేర్ వార్త వచ్చినను, అది మేలా కీడా అని వాదించుటకు ముందు, దానిని నిత్యము చూచుకొనుచున్నవాడెవడు, లోపలికి తొంగిచూచు హక్కు ఎవరికున్నది, ఆ చూచుకొనువానికి కూలి ఎవరిచ్చుచున్నారు అని విచారింతును. ఓపెన్ సోర్స్ విషయమున ఈ విచారణ మరింత అవసరము. ఏలయన, సోర్సు కోడు అందరి కన్నుల ఎదుట నుండును గనుక అందరును దానిని చూచుచునే యున్నారని భ్రమపడుట మిక్కిలి సులభము.

2018 ఫిబ్రవరిలో మన అక్షరమొకటి ప్రపంచ పత్రికలకెక్కినది. 'జ'కారము, దాని కింద 'ఞ' వత్తు, ఆ వెనుక కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి, ఆపైన దీర్ఘము. ఈ క్రమమున కూర్చిన 'జ్ఞా' అను అక్షరమును ఎవరైన ఐఫోనునకు సందేశముగ పంపినచో, దానిని తెరపై చిత్రింపలేక ఆ యాప్ కూలిపోవుచుండెను. నోటిఫికేషన్ రూపమున వచ్చినచో ఫోనే మొరాయించుచుండెను. జ్ఞానమునకు మొదటి అక్షరమే యంత్రమునకు మతి పోగొట్టినదను ఛలోక్తి ఆ వారమంతయు నలిగినది గనుక దానిని మరల చెప్పను. నాకు నొప్పి కలిగించినది వేరు. దోషము అక్షరమును చిత్రించు సాఫ్ట్‌వేర్‌లో నుండగా, తెలుగు అక్షరమే ఏదో విషగుళిక యైనట్లు వార్తలు వచ్చెను. ఆ కనబడని గుర్తు మనకు విలాసవస్తువు కాదు. 'సాఫ్ట్‌వేర్' అని వ్రాయవలెనన్నను, 'ట'కారము కింద 'వ' వత్తు పడకుండుటకు నడుమ దానినే నిలుపవలెను, అది ఈ వ్యాసమునందే అనేక పర్యాయములు దాగియున్నది. ఆపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన 11.2.6 అను సవరణను విడుదల చేసి దోషమును నివారించెను. త్వరగానే నివారించెనని ఒప్పుకొనవలెను. అయితే లోపల ఏమి తప్పినదో చూచు మార్గము లేనందున, ఆసక్తిగల బయటివారు అక్షరము వెంట అక్షరము కూర్చి ప్రయోగించి, బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులకు సైతము అదే గతి పట్టుచున్నదని తామై తేల్చుకొనవలసివచ్చెను. మూసిన యింటిలో దీపము వెలుగుచున్నదో లేదో గోడకు చెవి యొగ్గి తెలిసికొనుట వంటి పని అది.

వత్తు ఎక్కడ కూర్చుండవలెను, గుడి ఎంత వంగవలెను, కొమ్ము ఏ పక్కకు పోవలెను అని నిర్ణయించు ఆ పనినే, ఆండ్రాయిడ్ ఫోన్లలోను, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్‌లలోను, హార్ఫ్‌బజ్ అను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చేయుచున్నది. తెలుగునాట ఫోనుపై తెలుగు చదువుకొనువారిలో పెక్కురు దాని పేరు వినకయే దాని చేతిమీదుగ చదువుచున్నారు. దానికి ముఖ్యకర్త ఇరాన్‌లో పుట్టి కెనడా పౌరుడైన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్. 2020 జనవరిలో ఆయన తనవారిని చూచుటకై టెహ్రాన్ వెళ్ళినప్పుడు, రివల్యూషనరీ గార్డులు తన్ను నిర్బంధించి, ఏకాంతమున ఉంచి, తన పరికరములలోని విషయములను గైకొని, విదేశములందలి మిత్రులపై వేగు నడుపుటకు ఒప్పుకొనువరకు విడువలేదని ఆయనే ఆ సంవత్సరము లోకమునకు వెల్లడించెను. సాఫ్ట్‌వేర్ ముచ్చటలో రాజకీయము తేవద్దని నాకు హితవు చెప్పు పెద్దలు కొందరున్నారు. నేను తేవలసిన పని యేమున్నది? మన గుణింతములను తీర్చిదిద్దినవానిని వెదకికొనుచు రాజకీయమే వెళ్ళినది.

ఓపెన్ సోర్స్‌ను గూర్చి మనవారికి చెప్పవలసివచ్చినప్పుడెల్ల నాకు తెలంగాణపు గొలుసుకట్టు చెరువులు జ్ఞప్తికి వచ్చును. చెరువు నీరు ఆయకట్టు రైతులందరిది. తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఏ కాలువకు ఎంతసేపు విడువవలెనో, ముసురు పట్టిన రాత్రి కట్టలో ఏ చోట చెమ్మ ఊరుచున్నదో చూచుకొనువాడు మాత్రము నీరటి యొక్కడు. అందరిదైనదానిని ఒక్కడు కావలి కాయుటలోని అన్యాయము పెద్దలకు తెలియకపోలేదు. అందుచేతనే కళ్ళములో ధాన్యము కొలుచునప్పుడు వాని మేరను వానికి తీసిపెట్టుట కట్టుబాటై యుండెను. సాఫ్ట్‌వేర్ లోకమువారు చెరువులు త్రవ్విరి, తూములు అమర్చిరి, ప్రపంచపు వాణిజ్యమంతటిని ఆ ఆయకట్టు కింద సాగుచేసిరి. మేర మాట మరచిరి.

ఆ మరపు ఎంతవరకు వచ్చినదో 2024లో తెలిసినది. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనునది సమాచారమును కుదించి చిన్నమూట కట్టు సాధనము. లినక్స్ సర్వర్లలో అది లేని చోటు అరుదు; అయినను దానిని తలచుకొనువారు అంతకంటె అరుదు. ఫిన్‌లాండ్ దేశీయుడైన లాస్సీ కాలిన్ సంవత్సరముల తరబడి, జీతము లేక, ఇంచుమించు ఒంటరిగ దానిని కనిపెట్టుకొనియుండెను. 2021లో 'జియా టాన్' అను పేరుగలవాడొకడు వచ్చి చిన్న చిన్న ప్యాచ్‌లు పంపసాగెను. మరుసటి యేడు ముక్కు మొగము తెలియని మరికొన్ని పేర్లు ప్రత్యక్షమై, పని నత్తనడక నడచుచున్నదనియు, చేతగాకున్నచో వేరొకనికి అప్పగింపరాదా యనియు కాలిన్‌ను సూటిపోటి మాటలతో వేధింపసాగెను. ఆ పేర్లును ఈ టాన్ పక్షమువే అయియుండునని తరువాతి పరిశీలకులు అనుమానించిరి. అలసియున్నవాడు చేయి అందించువానిని త్రోసిపుచ్చునా? క్రమముగా విడుదలల బాధ్యతయే ఆ కొత్తవాని చేతికి వచ్చినది. ఆ నెపమున అతడు, 2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో వెలువడిన 5.6.0, 5.6.1 సంచికలలో, ఎస్‌ఎస్‌హెచ్ అను దూరప్రవేశ సాధనము ద్వారా సర్వర్లలో దూరుటకు దొంగదారి నొకదానిని అమర్చెను.

అమర్చిన నేర్పు చూడదగినది. దొంగకోడును పరీక్షల కొరకు ఉంచిన పాడైన ఫైళ్ళ రూపమున దాచెను. దానిని మేల్కొలుపు మీటను అందరును చూచు సోర్సు నిధిలో పెట్టక, విడుదల కొరకు కట్టిన మూటలో మాత్రము పెట్టెను. అనగా, తెరచియుంచిన కోడును ఓపికతో పంక్తి పంక్తియు చదివిన సజ్జనుడున్నను, వానికి ఆ మీట కనబడియుండెడిది కాదు. దీనిని పట్టుకొన్నవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నిర్మాతలలో ఒకడు, మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగి. వేరొక పనిపై వేగపరీక్షలు చేయుచుండగా, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు ఇంచుమించు అర సెకను అధికముగ పట్టుచుండుట ఆయనకు మింగుడుపడక, తీగ లాగుచు పోయి డొంకనంతటిని కదలించి, మార్చి 29న బహిరంగముగ ప్రకటించెను. అప్పటికి ఆ సంచికలు డెబియన్, ఫెడోరా వంటి లినక్స్ పంపిణీల ప్రయోగదశలోని విడుదలల వరకే చేరియుండెను. లోకము నడచు సర్వర్లలోనికి ఇంకను దిగలేదు.

ఆ వారమున వచ్చిన అభిప్రాయములను నేను శ్రద్ధతో చదివితిని. దారిన పోవు ఎవ్వడైనను కోడులో చేయి పెట్టగల ఓపెన్ సోర్స్‌ను నమ్ముట ప్రమాదమని ఒక పక్షము. తెరచియుండబట్టియే దొంగ దొరికెనని రెండవ పక్షము. రెండవదాని యందే నాకు మొగ్గు కలదు. ఫ్రాయిండ్ అనుమానము తీర్చుకొనుటకు ఎవరి అనుమతియు అడుగవలసిన పని లేకపోయినది. ఆపిల్ ఫోనులోని 'జ్ఞా'ను పరిశోధించినవారికి ఆ భాగ్యము లేదు. అయినను ఆ పక్షమువారు తమ విజయగీతమున ఒక చరణమును విడిచిరి. అర సెకనుపై అనుమానపడి అక్కడనే దినములు గడుపగల తీరిక ఫ్రాయిండ్‌కు ఎక్కడిది? నెలనెలా జీతము వచ్చు ఉద్యోగము వలన వచ్చినది. ఆ జీతమిచ్చిన సంస్థ, 2001లో తన అధిపతి స్టీవ్ బాల్మర్ నోట లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చిన సంస్థ. కాలిన్‌కు ఆ తీరిక లేదు, ఆ జీతము లేదు. తన ఇంటి గుట్టు తాను కనిపెట్టలేకపోయెనని అతనిని తప్పుపట్టినవారు, అంతవరకు ఆ యింట అద్దె లేక కాపురమున్నవారే.

మన దేశమున ఈ చర్చకు పార్టీల రంగు తేలికగ అంటుకొనును. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము కరోనా జాడ తీయుటకై ఆరోగ్యసేతు యాప్‌ను విడుదల చేసినప్పుడు, దాని కోడును చూపుడని అడిగినవారిని కొందరు దేశద్రోహులనిరి. మే 26న ఆండ్రాయిడ్ భాగపు సోర్సు కోడును ప్రభుత్వము బయటపెట్టి, లోపము చూపినవారికి లక్ష రూపాయల వరకు బహుమానము ప్రకటించినప్పుడు, నిన్నటివరకు అక్కరలేదన్నవారే అది పారదర్శకతకు పరాకాష్ఠ యని పొగడిరి, చూపుడన్నవారు అది కంటితుడుపు అనిరి. ప్రభుత్వపు సాఫ్ట్‌వేర్‌లలో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమీయవలెనను విధానమును ఇదే కేంద్రము 2015లోనే ప్రకటించియుండెనని ఉభయులకును గుర్తు లేకపోయినది. పౌరుని కదలికలను నమోదుచేయు యాప్ కోడును పౌరుడు చూడకూడదనుట నాకు ఏనాడును మింగుడుపడలేదు. కాని తెరచిన మరునాటినుండి బయటివారు పంపు సవరణలను ఎవరు చదువుదురు, ఫోనులో నడచుచున్నది ఈ కోడేనని ఎవరు సరిచూతురు అను ప్రశ్నలు, టీవీ చర్చలలో ఎవరికిని రుచింపవు గాబోలు, వినబడలేదు.

మేర సంగతి ఇప్పుడిప్పుడే కొందరికి స్ఫురించుచున్నది. జర్మనీ ప్రభుత్వము 2022లో సావరిన్ టెక్ ఫండ్ అను నిధిని నెలకొల్పి, అందరును వాడి ఎవ్వరును పోషింపని ఇట్టి సాధనములకు ధనమిచ్చుచున్నది. మన బెంగుళూరులోని జెరోధా సంస్థ 2024లో ఏటా 10 లక్షల డాలర్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఈయ సంకల్పించినది. ఇవి మంచి ఆరంభములు. రెండు తెలుగు ప్రభుత్వములును ఐటీని గూర్చి పలుకు పలుకులు మనకు క్రొత్తవి కావు. ఆ పలుకులను తెరపై తెలుగులో చూపు సాధనములకు అందులో వాటా ఎంత యని అడిగిన శాసనసభ్యుని మాత్రము నేనింకను చూడవలసియున్నది.

గూగుల్ ఫాంట్లలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ మొదలైన పేర్లతో తెలుగు ఫాంట్లు వరుసగ కొలువుతీరియున్నవి. రాయలవారి భువనవిజయము మరల కూడినట్లే తోచును. అవన్నియు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కిందివి. ఎవరైనను దించుకొనవచ్చును, అక్షరములను సవరించుకొనవచ్చును, వానితో పుస్తకము అచ్చువేసి అమ్ముకొనవచ్చును. ఫాంటును మాత్రము విడిగ అమ్మరాదు. ప్రచురణకర్త మిత్రుడొకడు ఇటీవల ఇట్టి స్వేచ్ఛా ఫాంటుతో పుస్తకము కూర్చి, వత్తు మీద వత్తు పడిన చోట కింది పంక్తి తలను తాకుచున్నదని నాతో మొరపెట్టుకొనెను. సవరించుటకు లైసెన్సు అడ్డురాదనియు, ఆ పని తెలిసిన కుర్రవాడొకడు నాకు పరిచయమనియు చెప్పి, ఆ పుస్తకపు ప్రూఫులు దిద్దిన పండితునకిచ్చినంత అతనికి ఈయగలవా యని అడిగితిని.

"ఫాంటు ఉచితమే గదండీ, డబ్బు దేనికి?" అనెను. పుస్తకము వచ్చే నెలలో వెలువడుచున్నది, ఆ వత్తులతోడనే.