కాళ్లు కడిగే గురువారం

తెలుగు నేల మీద కాళ్లు కడగడానికి ఒక వరస ఉంది. పెళ్లిలో మామ అల్లుడి కాళ్లు కడుగుతాడు. శిష్యుడు గురువు కాళ్లు కడుగుతాడు. తగ్గాల్సినవారి చేయి హెచ్చినవారి పాదం మీదికి పోవడమే గానీ, ఎదురు నడక లేదు.

యోహాను సువార్త 13వ అధ్యాయం ఆ వరసను తలకిందులు చేసింది. చివరి రాత్రి భోజనం దగ్గర యేసు లేచి, నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు. పేతురు మొదట ఒప్పుకోలేదు. ఆ బెరుకు ఎలాంటిదో కర్నూలు జిల్లా ఆలూరు, ఆదోని పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈస్టరుకు ముందు గురువారం కథోలిక చర్చిల్లో పన్నెండు మంది పీఠం ముందు కూర్చుంటారు. ఫాదర్ వంగి, ఒక్కో పాదం మీద నీళ్లు పోసి తుడుస్తారు. ఆలూరు వైపు ఆ పాదాలు చాలావరకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయి వచ్చినవి. వానలు మొహం చాటేస్తే ఇక్కడి కుటుంబాలు ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు మిరప కోతకు, పత్తి ఏరడానికి పోతాయి. ఎండలు ముదిరేసరికి తిరిగొచ్చేవారి మడమలు వేసవి నల్లరేగడిలా నెర్రెలిచ్చి ఉంటాయి. ఆ నెర్రెల్లోని మట్టి ఒక్క చెంబు నీళ్లకు పోదు. పీఠం దగ్గర నిలబడితే అది కనిపించదు. మోకాళ్ల మీద కూర్చుంటే జానెడు దూరంలో ఉంటుంది.

2016 దాకా మగవాళ్ల కాళ్లే కడగాలన్నది నియమం. పోప్ ఫ్రాన్సిస్ 2013లోనే రోమ్‌లో బాలనేరస్థుల నిర్బంధ కేంద్రానికి వెళ్లి ఇద్దరు అమ్మాయిల కాళ్లు కూడా కడిగారు. 2016 జనవరిలో నియమమే మారింది. మిరప చేలో రోజంతా నడుం వంచే ఆడమనిషికీ ఆ పన్నెండు మందిలో చోటు దొరికింది.

అయినా, తరతరాలుగా వంగినవాళ్లకే వినయం బోధిస్తే అది క్రూరత్వం. వంచిన నడుం వేరు, వంగిన నడుం వేరు. ఈ తేడా తెలిసినవారు ఆలూరు ఉన్న కర్నూలు మేత్రాసనానికే 2008లో బిషప్‌గా వచ్చారు. ఆయనే పూల ఆంథోని. పుట్టింది అప్పటి కర్నూలు జిల్లాలోనే, దళిత కుటుంబంలో. పేదరికంతో చదువు ఆగిపోతే మిషనరీల సాయంతో మళ్లీ బడికెళ్లారు. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనూ దళితుల్లోనూ ఆయనే మొదటివారు. అలాంటి మనిషి తువ్వాలు కట్టుకుని కూలివాడి ముందు వంగితే, ఆ వంగడం ఎవరూ వంచినది కాదు.

గురువారం రాత్రి గడిచిపోతుంది. ఆ నెర్రెల మడమల వెంట సుగ్గికి నడిచిన చిన్న పాదాలు కూడా ఉన్నాయి. వాటిని మళ్లీ బడి గుమ్మం దాకా నడిపించే పని శుక్రవారం నుంచి మిగిలే ఉంటుంది.