పాతది పక్కకు పెట్టు, కొత్తదాని రేటు చెప్పు

నారాయణపేట బంగారానికి చుట్టుపక్కల తాలూకాల్లోనే కాదు, రాయచూరు దాకా పేరుంది. ఇక్కడి బంగారం దుకాణంలో పాత గాజులిచ్చి కొత్త గొలుసు తీసుకునే ఇల్లాలిని కాసేపు గమనించండి. ముందు పాతది తూకం వేయిస్తుంది. అందులో ఎంత పోతుందో, ఇవాళ్టి ధరకు ఎంత వస్తుందో చీటీ మీద రాయిస్తుంది. ఆ చీటీ చేతికొచ్చాకే కొత్తదాని సంగతి. తూకం వేరు, తరుగు వేరు, మజూరీ వేరు, పన్ను వేరు. వీటిలో ఏ రెండింటినీ కలిపి చెప్పినా ఊరుకోదు.

అదే మనిషి, ఎండాకాలంలో ఫ్రిజ్ ఆగిపోయి ఎలక్ట్రానిక్స్ షాపుకు పోతే, "పాతది తెస్తే మూడు వేలు తగ్గిస్తం అక్కా" అనగానే తలూపి వస్తుంది. ఇల్లాలు అని ఊరికే అన్నాను. మగవాళ్లు ఇంకా తొందరగా తలూపుతారు, పైగా ఇంటికొచ్చి మూడు వేలు మిగిల్చామని చెప్పుకుంటారు.

ఆ మూడు వేల సంగతి చూద్దాం. ఫ్రిజ్ మీద 18,500 అని చీటీ ఉందనుకోండి. పాతది ఇస్తే 15,500. ఇప్పుడు పాత ఫ్రిజ్ మాటే ఎత్తకుండా, నగదు ఇచ్చి తీసుకుపోతే చివరి రేటు ఎంతని పక్కింటాయనతో అడిగించండి. 16,500 అన్నాడనుకోండి. అంటే మన పాత ఫ్రిజ్‌కు పలికింది మూడు వేలు కాదు, వెయ్యి. మిగతా రెండు వేలు ఎవరికైనా తగ్గించేవే, మన పాత ఫ్రిజ్ ఖాతాలో రాసి చూపించారంతే.

ఇది మోసమని నేననను. దుకాణదారు ఆ పాతదాన్ని మోయించుకుపోవాలి, ఎక్కడో పెట్టుకోవాలి, మళ్లీ ఎవరికో అమ్ముకోవాలి. ఆ ఖర్చు ఆయనకు ఉంటుంది. కానీ ఆయన లాభం మనం చూడని చోట కూర్చుంటుంది. కొనేవాడి పనల్లా కలిపి చెప్పిన రేటును విడదీయించడమే. "పాతది పక్కకు పెట్టు సేటూ, కొత్తదాని రేటు చెప్పు" అన్న ఒక్క మాటతో సగం బేరం అయిపోతుంది. ఆ రేటు తేలాక, అప్పుడు పాతదాని మాట తీయాలి.

ఆ మాట తీయడానికి ముందు పాతదాని ధర మనకు తెలిసి ఉండాలి. పొద్దున్నే మైకు పెట్టుకుని "పాత ఫ్రిజ్‌లు, పాత కూలర్లు కొంటాం" అని గల్లీలో తిరిగే ట్రాలీ ఆటో ఉంటుంది కదా, ఈ ధర చెప్పగలిగినవాడు అతనే. కంప్రెసర్ ఇంకా ఆడుతోందా, లోపల చుట్టింది రాగి తీగా, అల్యూమినియమా అని అతను చూస్తాడు. రాగికి కిలో లెక్కన ధర ఉంటుంది, అల్యూమినియంకు అంత పలకదు. అతను పన్నెండు వందలు అన్నాడంటే షాపువాడి వెయ్యి తక్కువేనని తేలిపోతుంది. ఇక కంప్రెసర్ బాగుండి పైపైన మాత్రమే పాడైన ఫ్రిజ్ అయితే తుక్కుకు ఇవ్వడమే తప్పు. అద్దె గదుల్లో ఉండే పిల్లలు, చాయ్ హోటల్ వాళ్లు కొనుక్కుంటారు.

బేరంలో నాకు గురువు మా మేనత్త. ఆమె చీరల షాపులో బేరమాడడం చూడాలి. రేటు విన్నాక జవాబు చెప్పదు. కొంగు విప్పి చూస్తుంది, అంచు మీద వేలు పోనిస్తుంది, మళ్లీ మడుస్తుంది. ఆ ఊరుకోవడాన్ని భరించలేక సేటే వంద తగ్గిస్తాడు. ఈ విద్య ఎలక్ట్రానిక్స్ షాపులో పనిచేయదని మాత్రం ఆమెకు నేను చెప్పాల్సి వచ్చింది. అక్కడ మన ముందు నిలబడే కుర్రాడి చొక్కా మీద చాలాసార్లు కంపెనీ పేరుంటుంది. అతను షాపు మనిషి కాదు, ఆ కంపెనీ తరఫున వచ్చి నిలబడ్డవాడు. రేటు తగ్గించే అధికారం అతనికి లేదు, తన కంపెనీ సరుకు అమ్మితే అతని లెక్కలో పడుతుంది. అందుకే పక్క కంపెనీ ఫ్రిజ్ వైపు మనం నడిస్తే అతని మొహం మారుతుంది. అతన్ని అడిగి సరుకు గురించి తెలుసుకోవచ్చు. బేరం మాత్రం గల్లా పెట్టె దగ్గరే. ఆ గల్లా మీద కూర్చున్నాయనకు నెలాఖరుకు అమ్మి చూపించాల్సిన లెక్కలుంటాయి కాబట్టి ఒకటో తారీఖున లేని దయ ముప్పయ్యో తారీఖున పుడుతుంది.

కాలం కూడా కలిసిరావాలి. కూలర్ రోహిణి కార్తెలోనే ఆగుతుంది. ఫ్రిజ్ కూడా అంతే. వెనక జాలీ వేడిని బయటికి వదలలేక కంప్రెసర్ ఎడతెరిపి లేకుండా ఆడుతుంది, దానికి తోడు లో వోల్టేజీ. మనకు అవసరం ముదిరిన రోజే షాపువాడికి బేరం అక్కర్లేని రోజు. అందుకని చెడిన రోజే కొత్తది కొనకుండా ఉండగలిగితే అదే పెద్ద తగ్గింపు. కూలర్ ఆగితే కెపాసిటరో, నీళ్ల పంపో అయి ఉంటుంది, లేదంటే గడ్డి మార్చాలి. మిక్సీ తిరగకపోతే కార్బన్ బ్రష్‌లో, జార్ కింది కప్లరో. ఫ్రిజ్‌కైతే రిలే, థర్మోస్టాట్. ఇవన్నీ చిన్న ఖర్చులు. వీటితో మృగశిర కార్తె దాటించగలిగితే కూలర్ వైపు చూసేవాడుండడు, అప్పుడు షాపుకు పోండి.

ఇక అందరూ పడే గుంట ఒకటుంది. "సున్నా వడ్డీ, ఆరు వాయిదాలు." బ్యాంకులు ఇలా సున్నా శాతం పేరుతో వస్తువులకు అప్పులివ్వొద్దని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే చెప్పింది, అసలు సున్నా వడ్డీ అనేదే ఉండదని తేల్చింది. ఆ మాట బోర్డుల మీద నుంచి మాత్రం పోలేదు. నగదుకైతే 17,000కు ఇచ్చే వస్తువును వాయిదాలకు 18,000 అంటారనుకుందాం, నెలకు మూడు వేలు. ఫైలు ఛార్జీ ఇంకో అయిదు వందలు. అంటే 1,500 ఎక్కువ కడుతున్నాం. ఆరు నెలల అప్పు అనుకుంటాం గానీ నెలనెలా తీరుస్తూ పోతాం కాబట్టి సగటున మూడున్నర నెలలే డబ్బు మన దగ్గరుంటుంది. ఊరి లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు రెండున్నర రూపాయల మిత్తి. అదే మిత్తి ఊళ్లో ఎవరైనా అడిగితే పంచాయితీ పెడతాం. ఏసీ గాలిలో కూర్చోబెట్టి అడిగితే సంతకం పెడతాం. చేతిలో డబ్బు లేనప్పుడు వాయిదా తప్పకపోవచ్చు, తప్పు పట్టను. నగదు రేటు ఎంతో ముందు అడిగి, తేడా ఎంతో తెలిసి పెట్టాలి సంతకం.

ఇక కరెంటు ఆదాను చూపే లేబుల్ మీది స్టార్ల సంగతి. ఈ విషయంలో మన తెలంగాణకు ప్రత్యేకమైన లెక్క ఒకటి వచ్చింది. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఒక్క యూనిట్ దాటినా ఆ నెల మొత్తం కట్టాలి. ఎలాగూ ఉచితమే కదా, ఎక్కువ స్టార్లెందుకు అనేవాళ్లున్నారు. వంద వాట్ల కంప్రెసర్ రోజులో మూడో వంతు ఆడితే నెలకు 24 యూనిట్లు. రబ్బరు వదులై, గ్యాస్ తగ్గి, రాత్రింబగళ్లు ఆగకుండా ఆడితే 72. ఇల్లు 200 గీతకు ఇటా అటా అన్నది ఈ 48 యూనిట్లే తేల్చవచ్చు. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. అడ్డం లేకుండా జారి వస్తే రబ్బరు పోయినట్టే, దానికోసం ఫ్రిజ్ మార్చక్కర్లేదు. కొత్తది కొనేటప్పుడు మాత్రం నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకుండా, లేబుల్ మీద రాసిన ఏడాది యూనిట్ల అంకెనూ, ఆ లేబుల్ ఎప్పటిదన్నదీ చూడాలి. స్టార్ల కొలబద్దను కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో (బీఈఈ) అప్పుడప్పుడు బిగిస్తుంటుంది. నిన్నటి అయిదు స్టార్లు ఇవాళ అయిదు కాకపోవచ్చు. బిగించే ముందు పాత లేబుల్ సరుకును షాపులు వదిలించుకోవాలని చూస్తాయి, ఆ తేడా తెలిసినవాడికి అదీ ఒక బేరమే.

పన్ను తగ్గిందన్న బ్యానర్ల గురించి ఒక్క ముక్క. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది ఏసీలకు, 32 అంగుళాలు దాటిన టీవీలకు, డిష్‌వాషర్లకు. ఫ్రిజ్‌కు, వాషింగ్ మెషీన్‌కు 2018 జులైలోనే 18 అయింది. కాబట్టి ఫ్రిజ్ మీద ఎవరైనా జీఎస్టీ తగ్గింపు అంటే, అది ఏ ఏటి తగ్గింపో అడగండి.

నారాయణపేట వాళ్లకు రాయచూరు, మహబూబ్‌నగర్ రెండూ పెద్ద బజార్లే. 2017లో జీఎస్టీ రాకముందు కర్ణాటక హద్దు దాటి రాయచూరుకు పోతే పన్ను లెక్క మారేది. ఇప్పుడు అటైనా ఇటైనా పన్ను ఒక్కటే, తేడా అంతా షాపు లాభంలో, ట్రాలీ కిరాయిలో ఉంటుంది. చెడితే ఇంటికొచ్చి చూసే మెకానిక్ ఎక్కడి నుంచి రావాలో కొనకముందే అడగడం మంచిది.

మా మేనత్త మొన్న ఫ్రిజ్ కొన్నది. రేటు తెగ్గొట్టాక కానుకగా హాట్‌బాక్స్ పెట్టారు.

"హాట్‌బాక్సు మా ఇంట్ల మూడున్నయి. ఇది నువ్వే ఉంచుకో, స్టెబిలైజర్ వెయ్యి."

"అది కంపెనీ ఇచ్చింది అమ్మా, మేం ఇచ్చేది కాదు."

"మరి నువ్వేమిస్తున్నవ్?"

సేటు నవ్వి స్టెబిలైజర్ సగం రేటుకు ఇచ్చాడు. ఆ తర్వాత మెల్లగా, బిల్లు వద్దంటే ఇంకో అయిదు వందలు తగ్గుతుందన్నాడు. ఆమె బిల్లే రాయించుకుంది, సీరియల్ నంబరుతో సహా, వారంటీ కార్డు మీద షాపు ముద్ర వేయించి మరీ. ఆ కాగితం ఉంటే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. 2020 జులై నుంచి అమలవుతున్న కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాకు సంబంధించిన కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అయిదు లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. రాయచూరులో కొన్న ఫ్రిజ్ కోసం రాయచూరు కోర్టుకు తిరగక్కర్లేదు.