ఉప్పు కనిపించని ఉప్పుమళ్లు

పుష్యమాసంలో శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమళ్లకు వెళ్తే ఉప్పు కనిపించదు. సంతబొమ్మాళి దారిలో రోడ్డు దిగి గట్టెక్కితే కంటికి ఆనేదంతా బురద, పల్చటి నీరు, దూరంగా మేత వెతుక్కునే పిట్టలు. లారీలుండవు, కేకలుండవు. తెల్లటి కుప్పల ఫొటోల కోసం వేసవిలో వచ్చేవాళ్లు ఈ రోజుల్లో ఇటు తొంగి చూడరు. నాకు మాత్రం ఈ రోజులే ఇష్టం. రాబోయే ఉప్పు మంచిదో కాదో ఇప్పుడే తేలిపోతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా శ్రీకాకుళం తీరానికి తుపాన్ల భయం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చిందీ అప్పుడే. ఆ వానలకు మళ్లు చెరువులవుతాయి, గట్లు కరుగుతాయి. చలి ముదిరాక నీరు తోడి, గట్లు ఎత్తి, మెత్తటి బురద తీసేసి, మడి అడుగును కాళ్లతో తొక్కుతారు.

ఆ తొక్కుడే అసలు విద్య. ఒక పెద్దాయన తొక్కుతుంటే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ముందు మడమ ఆనించి, ఒంటి బరువంతా మెల్లగా పాదం మీదికి దించి, జానెడు జరిగి మళ్లీ మడమ. ఒక అడుగు జాడను పక్క అడుగు చెరిపేస్తోంది. ఆయన వెనక నేల పలకలా నున్నగా మిగులుతోంది. "ఎండిపోతే పగిలిపోద్ది, పచ్చిగుంటే కాలు దిగిపోద్ది. మజ్జిలో ఉన్నప్పుడే తొక్కాల బాబూ" అన్నాడు. ఆ 'మజ్జి' ఎప్పుడో ఆయన పాదానికి తెలుసు.

సముద్రపు నీటి చిక్కదనం సుమారు 3 బామే డిగ్రీలు. మడి నుంచి మడికి మారుతూ, ఎండకూ గాలికీ చిక్కబడుతూ 25 డిగ్రీలకు వస్తే ఉప్పు కడుతుంది. ఈలోపే జిప్సం చాలావరకు అడుగున దిగిపోతుంది. 29 దాటనిస్తే మెగ్నీషియం లవణాలు చేరి ఉప్పు చేదెక్కుతుంది. పంటంతా ఆ నాలుగు డిగ్రీల నడుమే. అన్నాళ్లు కాచి చిక్కబరచిన నీరు గట్టిపడని నేలలో ఇంకిపోతే వేసవి కష్టమంతా మట్టిపాలే. అలాంటి నేలలో ఉప్పు లాగేటప్పుడు పారతో పాటు బురద కూడా లేస్తుంది. తెల్లటి గల్లుప్పు వెనక ఉన్నది ఈ చలికాలపు కాళ్లే.

దగ్గర్లోని మూలపేటలో 2023లో పోర్టుకు శంకుస్థాపన జరిగింది. పోర్టు రావాలి, ఊళ్లో పని దొరకాలి. ఆ ప్రణాళికల్లో ఈ మళ్లకూ, వీటిని తొక్కేవాళ్లకూ చోటుండాలి. ఈ విద్య ఒకసారి కాళ్లకు తప్పిపోతే నేర్పేవాళ్లు దొరకరు.

సంక్రాంతికి టెక్కలి వైపు వచ్చేవాళ్లు ఒక పూట పిల్లలను తీసుకుని ఇటు రండి. పని చేసేవాళ్లను అడిగితే ఓపిగ్గా చెబుతారు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: గట్టు మీదనే నడవండి, తొక్కి ఆరబెట్టిన మడిలో అడుగు పెట్టకండి.