రెండో సంపాదన, రెండు ఖజానాలు

మన ఉద్యోగస్థుడికి ఆదాయపు పన్ను అంటే జూన్‌లో ఆఫీసువాళ్లు పంపే ఫారం 16. నెలనెలా జీతంలో ఎంత కోశారో, ఎంత జమకట్టారో అందులో ఉంటుంది. తక్కిన తతంగం ఆడిటర్ గారిది. బ్రిటన్‌లో ఉద్యోగం చేసే మనవాళ్ల చేతికి మే నెలాఖరులోగా అలాగే పి60 వస్తుంది. రెండింటి గోత్రం ఒక్కటే. 1803లో బ్రిటన్ ప్రధాని అడింగ్టన్ ఆదాయాన్ని ఐదు షెడ్యూళ్లుగా చీల్చి వ్యాపారాన్నీ ఉద్యోగాన్నీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టాడు. 1860లో వైస్రాయి కౌన్సిల్ ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ మన నెత్తిన పెట్టిన పన్నుకు ఆ ఇల్లే పుట్టిల్లు. తర్వాత 1922, 1961 చట్టాలు వచ్చాయి, 2026 ఏప్రిల్ 1తో 2025 నాటి చట్టం మొదలైంది. గోడలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. జీతగాడు సెలవురోజుల్లో ఆవకాయ సీసాలు అమ్మడం మొదలుపెట్టాడంటే ఈ రెండు గదుల మధ్యా తిరగక తప్పదు.

అక్కడైనా ఇక్కడైనా ఆవకాయ డబ్బు జీతం పైన వచ్చి కూర్చుంటుంది. పన్ను పడని మొదటి భాగాన్ని జీతమే తినేసి ఉంటుంది కాబట్టి రెండో సంపాదన మీద పై శ్లాబు రేటే పడుతుంది. రెండు ప్రభుత్వాలూ చిన్న వ్యాపారిని ఎంతో కొంత నమ్ముతాయి కూడా. కాకపోతే ఆ నమ్మకం ఒకే చోట ఉండదు.

మన ప్రభుత్వం లాభం దగ్గర నమ్ముతుంది. 1961 చట్టంలో 44ఏడీగా పేరుపడ్డ పద్ధతి కొత్త చట్టంలో అంకె మార్చుకుంది గానీ సంగతి అదే. అమ్మకాలు 2 కోట్ల లోపుంటే పుస్తకాలు రాయనక్కర్లేదు. బ్యాంకు ద్వారానో యూపీఐలోనో వచ్చినదాంట్లో 6 శాతం, నగదుగా వచ్చినదాంట్లో 8 శాతం లాభమని చూపితే చాలు. ఏడాదికి 3 లక్షల పచ్చళ్లు ఫోన్‌పే మీద అమ్మినవాడి లాభం 18,000. అతను 30 శాతం శ్లాబులో ఉంటే పన్ను 5,400, సెస్సు 216. అంతే. నూనె ఎంతకు కొన్నావు, సీసాలు ఎన్ని పగిలాయి అని ఎవరూ అడగరు. నిజంగా అంతకు మించి మిగిలితే ఆ మిగిలింది చూపడానికి చట్టంలో చోటుంది. ఎంతమంది చూపుతారో ఆడిటర్లకే తెలియాలి.

ఈ ఉదారత అందరికీ దక్కదు. ఐటీ ఉద్యోగి రాత్రిళ్లు బయటి కంపెనీకి సాంకేతిక సలహాలిస్తే వసూళ్లలో సగం లాభమే అంటుంది వృత్తులవాళ్లకు పెట్టిన 44ఏడీఏ పద్ధతి. ఇక కమీషన్ ఆదాయానికి 44ఏడీ గడపే లేదు. మన ఊళ్లలో తరతరాలుగా నడుస్తున్న రెండో సంపాదన ఎల్ఐసీ ఏజెన్సీ. అదే దీనికి వెలి కావడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

బ్రిటన్ నమ్మకం అడుగున ఉంటుంది. 2017 ఏప్రిల్ నుంచి చిన్న వ్యాపారంలో ఏడాదికి వచ్చే మొదటి 1,000 పౌండ్లను వదిలేశారు. లాభం కాదు, మొత్తం రాబడిలోనే వెయ్యి. అంతకు లోపే ఉంటే మామూలుగా రిటర్న్ గొడవే లేదు. మన దగ్గర అలాంటి వెయ్యి లేదు. మొదటి సీసా నుంచీ లెక్కే. అయితే అక్కడ వెయ్యి దాటాక చనువు తగ్గిపోతుంది. అంచనా శాతాలు ఉండవు. వెయ్యి తీసేసుకుంటావా, అసలు ఖర్చులు చూపిస్తావా, ఏదో ఒకటి తేల్చుకోవాలి. 2,800 పౌండ్ల పచ్చళ్లు అమ్మి, మామిడికాయలకూ నూనెకూ సీసాలకూ 1,300 పెట్టినావిడ ఖర్చులే చూపించుకోవాలి. 1,500 మీద 20 శాతం శ్లాబులో 300 పౌండ్లతో పోతుంది. అదే ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పి 1,800 సంపాదించినావిడకు పుస్తకాల ఖర్చు 200 దాటకపోతే, వెయ్యి తీసుకోవడమే లాభం. మనది ఒక గీత గీసి ఊరుకునే పద్ధతి, వాళ్లది రసీదులు దాచుకున్నవాడికి న్యాయం చేసే పద్ధతి.

నష్టం వచ్చినప్పుడు పాత్రలు తారుమారవుతాయి. పచ్చళ్లలో చెయ్యి కాలితే మనవాడు ఆ నష్టాన్ని జీతంలోంచి తీసేయలేడు. 2004 నాటి సవరణ ఆ తలుపు మూసేసింది. గడువులోగా రిటర్న్ వేస్తే ఎనిమిదేళ్లపాటు ముందుకు మోసుకుపోవచ్చు గానీ, అదీ వ్యాపార లాభంలోంచే. పైగా నష్టం చూపాలంటే 6 శాతం సుఖం వదులుకుని పుస్తకాలు రాయాలి. ఆ పద్ధతిలో నడిచి మధ్యలో వదిలినవాడు ఐదేళ్లు మళ్లీ దాని గడప తొక్కకూడదు. బ్రిటన్‌లోనైతే నిజంగా లాభం కోసమే నడిపిన వ్యాపారమని నిలబడితే, కొన్ని పరిమితులకు లోబడి, ఆ ఏటి జీతం మీద పన్నులోనే నష్టాన్ని సర్దుకోవచ్చు. ఆ వెయ్యి పౌండ్లు వాడుకున్నవాళ్లకు మాత్రం ఆ వీలు లేదు. లాభాన్ని కళ్లు మూసుకుని నమ్మే మనం నష్టం అనగానే అనుమానిస్తాం. కల్పించుకున్న నష్టాలతో జీతపు పన్ను ఎగ్గొట్టేవాళ్లు ఉంటారన్న భయం ఉత్తదేం కాదు. కానీ అంతకు మించిన కల్పన 6 శాతం లాభంలోనే దాగొచ్చు.

ఇంకో చిక్కు మనది మాత్రమే. జీతం ఒక్కటే ఉన్నంతకాలం పాత పన్ను విధానమో కొత్త పన్ను విధానమో ఏటేటా ఎంచుకోవచ్చు. వ్యాపార ఆదాయం రూపాయి చేరినా ఆ స్వేచ్ఛ పోతుంది. పాతదానికి వెళ్లినవాడు కొత్తదానికి ఒక్కసారే తిరిగి రాగలడు.

కట్టే తీరులో పెద్ద గొడవ లేదు. ఇక్కడ 44ఏడీ వాళ్ల ముందస్తు పన్నుకు గడువు మార్చి 15, అక్కడ ఏడాది ముగిశాక జనవరి 31. రెండో పన్నును జీతంలోనే కోయించుకునే వీలు రెండు చోట్లా ఉంది. బ్రిటన్‌లో బాకీ 3,000 పౌండ్ల లోపుండి డిసెంబరు 30లోగా ఆన్‌లైన్ రిటర్న్ వేస్తే జీతం కోతను నిర్ణయించే టాక్స్ కోడ్ మార్చి కోసుకుంటారు. ఇక్కడైతే ఆ సంగతి మనమే ఆఫీసులో చెప్పుకోవాలి. సైడు వ్యాపారం ఉందని వెళ్లి అకౌంట్సు సెక్షన్‌లో చెప్పేవాడిని నేనింతవరకు చూడలేదు.

చెప్పలేకపోవడానికి కారణమూ ఉంది. ప్రభుత్వోద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి అంటుంది. బ్రిటన్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీదున్న మనవాడికీ దాదాపు అదే గతి, సొంత వ్యాపారానికి వీసా మామూలుగా ఒప్పుకోదు. డిపెండెంటుగా వెళ్లిన భార్యకు మాత్రం ఆ అడ్డు లేదు. అలా గుంటూరులోనూ లండన్‌లోనూ పచ్చళ్ల వ్యాపారం ఇల్లాలి పేరు మీదికే చేరుతుంది.

అక్కడికి చేరాక మళ్లీ దారులు చీలతాయి. 2007లో బ్రిటన్ ప్రభువుల సభ తేల్చిన జోన్స్ కేసు ఒకటుంది. ఐటీ పని చేసేది భర్త, చిన్న కంపెనీలో సగం వాటా భార్యది. ఆమెకు వెళ్లిన లాభమూ భర్తదేనని పన్ను శాఖ వాదించి ఓడిపోయింది. మన చట్టం ఆ విషయంలో కటువు. భార్య వ్యాపారంలో భర్త ఊరికే ఇచ్చిన డబ్బు పెట్టుబడిగా ఉంటే, దాని వంతు లాభాన్ని భర్త ఆదాయంలో కలుపుతుంది. ఆవిడ రెక్కల కష్టం సంగతి అటుంచి, మామిడికాయలకు డబ్బెవరిచ్చారని అడుగుతుంది. అందుకే ఆ డబ్బును అప్పుగా రాసుకోమని ఆడిటర్లు చెబుతుంటారు. మొగుడూ పెళ్లాల మధ్య ప్రోనోటు రాయించాల్సిన అవసరం లండన్ అకౌంటెంటుకు రాదు.